చెరకు రసం, సున్నం, ద్రాక్ష జాడీ

కోసిన చెరకు ఆగదు. నిజామాబాద్ జిల్లా బోధన్ చుట్టుపక్కల చెరకు వేసిన ప్రతి రైతుకూ ఇది అనుభవంలో ఉన్న సంగతి. నరికిన గడ బండి మీదో ట్రాక్టరు మీదో మిల్లు గేటు ముందు రెండు రోజులు ఎండితే తూకం తగ్గుతుంది. అది కంటికి కనపడే నష్టం. అంతకంటే పెద్ద నష్టం గడ లోపల జరుగుతుంది. కత్తి తగిలిన చోటి నుంచి ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా లోపలికి దిగి, చక్కెరను తింటూ డెక్స్‌ట్రాన్ అనే జిగురును తయారుచేస్తుంది. ఆ జిగురు రసాన్ని చిక్కబరుస్తుంది, వడపోతకు అడ్డం పడుతుంది, చక్కెర పలుకుల ఆకారాన్ని కూడా చెడగొట్టి వాటిని సూదుల్లా సాగదీస్తుంది. మరోపక్క గడలో పుట్టుకతోనే ఉన్న ఎంజైము చక్కెరను రెండు ముక్కలుగా విరగ్గొడుతూ ఉంటుంది. అలా విరిగిన చక్కెర పలుకు కట్టదు. కోసిన 24 గంటల్లో క్రషింగ్ అయిపోవాలని మిల్లు వాళ్లు పట్టుబట్టేది ఇందుకే.

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. దాని కాలువ నీళ్లు పారిన నేల మీద 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పడిన మిల్లు అది. వేల ఎకరాల సొంత చెరకు పొలాలుండేవి. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు వేసిన మళ్లలో ఇప్పుడు ఎక్కువగా వరి కనిపిస్తుంది. ఆ మిల్లు గురించి మాట్లాడేవాళ్లు ఉద్యోగాల గురించి, అప్పుల గురించి, రాజకీయాల గురించి మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. అయితే అక్కడ దాదాపు ఎనిమిది దశాబ్దాల పాటు ఏటా చలికాలమంతా సూక్ష్మజీవులతో ఒక పోటీ నడిచింది. ఈ అధ్యాయంలో చెప్పబోయేది ఆ పోటీ గురించి. అపార్ట్‌మెంటు వంటింట్లో ద్రాక్ష జాడీలో ఏం జరుగుతుందో అర్థం కావాలంటే చక్కెర మిల్లు దగ్గర మొదలుపెట్టడమే సరైన దారి అని నా అభిప్రాయం.

మిల్లులో రసం తీయగానే ఏం చేస్తారు? సున్నపు పాలు కలుపుతారు, మరిగిస్తారు. చెరకు రసం కాస్త ఆమ్లగుణం ఉన్న ద్రవం. దాని పీహెచ్ 5 దాటి ఉంటుంది. సున్నం ఆ ఆమ్లాన్ని చంపి 7 దాటిస్తుంది. మురికి ముద్ద కట్టి అడుక్కి దిగుతుంది, చక్కెర విరగడం తగ్గుతుంది. వేడికి సూక్ష్మజీవులు చస్తాయి. తర్వాత నీటిని ఆవిరి చేసి చేసి రసాన్ని పాకం చేస్తారు. పాకం ఎంత చిక్కబడితే సూక్ష్మజీవికి అంత కష్టం. నూటికి 65 పాళ్లు చక్కెర ఉన్న పాకంలో ఈస్ట్ కణం పడితే, దాని ఒంట్లోని నీటినే పాకం బయటికి లాగేస్తుంది. ఆవకాయను ఉప్పు కాపాడేది కూడా ఈ సూత్రంతోనే. వానాకాలంలో బెల్లం చెమర్చినప్పుడు పులిసిన వాసన వేస్తుందంటే, గాలిలోని తేమ దాని పైపొరను పలచబరిచి సూక్ష్మజీవులకు బతికే చోటు ఇచ్చిందన్నమాట. చక్కెర పలుకు ఏళ్ల తరబడి చెడదు. అదే చక్కెర లీటరు నీళ్లలో 200 గ్రాములు కరిగి ఉంటే రెండు రోజులు కూడా నిలవదు.

కల్లు గీసే గౌడన్నలకు ఈ రసాయనశాస్త్రం మిల్లు రాకముందే తెలుసు. ఈత చెట్టుకు కట్టిన లొట్టిలోకి దిగే రసం తియ్యగా ఉంటుంది. పాత లొట్టి గోడలకు అంటుకుని ఉన్న ఈస్ట్, బ్యాక్టీరియాలు ఆ రసాన్ని చెట్టు మీదే పులియబెట్టడం మొదలుపెడతాయి. తెల్లారేసరికి దిగేది కల్లు. పులియని తీపి రసం, అంటే నీరా, కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. లొట్టిలో సున్నం, మిల్లులో సున్నం. రెండు చోట్లా చేసే పని దగ్గరదగ్గరగా ఒకటే: రసాన్ని పులుపు వైపు నుంచి క్షారం వైపు జరిపి, తీపిని తీపిగా నిలబెట్టడం. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు మీద నీరా అమ్ముతున్నప్పుడు దాన్ని చల్లగా ఉంచేందుకు పడే తంటా అంతా ఇంకో పద్ధతిలో అదే పని.

ఇప్పుడు అవతలి వైపు నుంచి చూద్దాం. చక్కెర చేసేవాడు ఈస్ట్‌ను రానివ్వడు. వైన్ చేసేవాడు పిలుస్తాడు. కానీ తీపి రసం పెట్టి పిలిస్తే వచ్చేది ఈస్ట్ ఒక్కటే కాదు. ఈస్ట్ కణం ఒకటి రెండు కావడానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. చాలా బ్యాక్టీరియాలకు అరగంట చాలు. సమానమైన పోటీ పెడితే ఈస్ట్ గెలవలేదు. గెలవాలంటే నేల దానికి అనుకూలంగా ఉండాలి. ఆ అనుకూలత పేరు పులుపు.

పండిన ద్రాక్ష రసం పీహెచ్ 3కీ 4కీ మధ్య ఉంటుంది. పండ్లలో అరుదుగా దొరికే టార్టారిక్ ఆమ్లం అందులో దండిగా ఉంది. మనుషుల్ని జబ్బు పరిచే బ్యాక్టీరియాల్లో చాలావాటికి అంత పులుపులో పెరగడం సాధ్యం కాదు. ఈస్ట్‌కు ఆ పులుపు ఇబ్బందే కాదు. ద్రాక్షతో వైన్ చేయడం ప్రపంచంలో ఇన్ని చోట్ల, ఇన్ని వేల ఏళ్లుగా సాగడానికి దాని రుచి కంటే ఈ పులుపే పెద్ద కారణమని నాకనిపిస్తుంది. చెరకు రసంలో చక్కెర ఉంది, అంత పులుపు లేదు. అందుకే వదిలేసిన చెరకు రసం వైన్ కాదు, జిగటగా, పుల్లగా, ముక్కు మూసుకునేలా తయారవుతుంది.

ఈ తేడా శాస్త్రానికి తెలిసింది కూడా ఒక చక్కెర పంట దగ్గరే. 1856లో ఫ్రాన్సులోని లిల్ పట్టణంలో బిగో అనే వ్యాపారి బీట్‌రూట్ రసం నుంచి ఆల్కహాల్ తీసేవాడు. ఆయన పీపాలు కొన్ని పుల్లబడి చెడిపోతున్నాయి. ఆయన కొడుకు అక్కడి విశ్వవిద్యాలయంలో విద్యార్థి. ఆ పరిచయంతో రసాయనశాస్త్రం చెప్పే లూయీ పాశ్చర్‌ను సహాయం అడిగాడు. పాశ్చర్ ఫ్యాక్టరీకి వెళ్లి, పీపాల్లోని రసాన్ని సూక్ష్మదర్శినితో చూశాడు. మంచి పీపాల్లో గుండ్రటి ఈస్ట్ కణాలు కనిపించాయి. చెడిన పీపాల్లో వాటికంటే ఎంతో చిన్నవైన కడ్డీల్లాంటివి కదులుతున్నాయి. ఆ పీపాల్లో పేరుకున్నది పాలను పెరుగు చేసే లాక్టిక్ ఆమ్లమే. 1857లో లాక్టిక్ కిణ్వనం మీద పాశ్చర్ ప్రకటించిన వ్యాసంతో ఒక కొత్త ఆలోచన నిలబడింది: ప్రతి పులియడానికీ దాని సొంత జీవి ఉంది. రోగాలకు సూక్ష్మజీవులు కారణమన్న ఆలోచనకూ, పాలను వేడిచేసి కాపాడే పద్ధతికీ దారి అక్కణ్నుంచే పడింది. పాశ్చర్ పేరు ప్రపంచానికంతా తెలుసు. తన పీపా ఎందుకు చెడిందో తెలుసుకోవాలని పట్టుబట్టిన బిగోను కూడా గుర్తుంచుకోవాలి. అలాంటి ప్రశ్న అడిగే ఫ్యాక్టరీ యజమాని ప్రతి ఊళ్లో ఉండడు.

ఆ తర్వాత నలభై ఏళ్లు ఒక వాదం నడిచింది. పులియడానికి బతికున్న కణం కావాలా, లేక కణంలోని పదార్థం చాలా? 1897లో జర్మనీలో ఎడువర్డ్ బుక్నర్ ఈస్ట్‌ను ఇసుకతో నూరి, పిండి, కణాలు లేని రసం తీశాడు. అది చెడిపోకుండా ఉండాలని అందులో బాగా చక్కెర వేశాడు. నిల్వ కోసం వేసిన ఆ చక్కెరే బుడగలు కక్కడం మొదలుపెట్టింది. కణం లేకపోయినా దాని ఎంజైములు పని చేస్తున్నాయి. 1907లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథలో మనవాడు ఒకాయన ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. 1929లో ఆ ఇద్దరూ కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. ఏటీపీ ప్రతి జీవకణానికీ శక్తినిచ్చే అణువు. ఈస్ట్ చక్కెరను ఎందుకు పులియబెడుతుందో దాన్నిబట్టే లెక్క కట్టగలం. గాలి పీల్చుకుంటూ ఒక గ్లూకోజ్ అణువును పూర్తిగా వాడుకుంటే కణానికి ముప్పై దాకా ఏటీపీలు దక్కుతాయి. పులియబెడితే దక్కేవి రెండు. మిగతా శక్తిలో చాలావరకు ఆల్కహాల్‌లోనే ఉండిపోతుంది. సారా మంటకు అంటుకుంటుందంటే ఈస్ట్ వాడుకోలేక వదిలేసిన శక్తి అది. పైగా చక్కెర మరీ ఎక్కువుంటే వైన్ ఈస్ట్ గాలి ఉన్నా పులియబెట్టడానికే మొగ్గుతుంది. అందులో దానికి లాభం ఉంది. చక్కెర తొందరగా ఖాళీ అవుతుంది, ఆల్కహాల్‌ను తట్టుకోలేని పోటీ జీవులు చస్తాయి.

ఇక జాడీ దగ్గరికి వద్దాం. నిజామాబాద్ వినాయక్‌నగర్‌లోనో సుభాష్‌నగర్‌లోనో రెండు పడగ్గదుల ఫ్లాటును ఊహించుకుందాం. జనవరి నుంచి నిజామాబాద్ బండ్ల మీద నల్ల ద్రాక్ష దిగుతుంది. క్రిస్మస్ వైన్ అని, నాయనమ్మ పద్ధతి అని, ఇంటర్నెట్‌లో చూశామని ద్రాక్షను జాడీకెత్తేవాళ్లు ఉన్నారు. ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తెలంగాణలో అమల్లో ఉన్న 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఇంటి కోసమే కదా అన్న మినహాయింపును నమ్ముకుని ఎవరూ మొదలుపెట్టకూడదు. ఇక్కడ నేను చెప్పేది జాడీ లోపలి శాస్త్రం.

మొదటి ప్రశ్న వేడి. పులియడంలో వేడి పుడుతుంది. రసంలో నూటికి ఒక పాలు చక్కెర పులిసేసరికి, ఆ వేడి బయటికి పోకపోతే, ఉష్ణోగ్రత దాదాపు 1.3 డిగ్రీలు పెరుగుతుంది. 20 పాళ్ల చక్కెర ఉన్న రసం మొత్తం పులిస్తే 26 డిగ్రీలు. 30 డిగ్రీల దగ్గర మొదలైతే 56కు చేరాలి. ఈస్ట్ 35 దాటితే ఇబ్బంది పడుతుంది, 40 దాటితే దాదాపు ఆగిపోతుంది. అంటే పెద్ద తొట్టిలో ఈస్ట్ తన వేడికి తానే సగంలో చావాలి. డిస్టిలరీల్లో పులియబెట్టే తొట్లను నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు ఉండేది ఇందుకే. బోధన్ మిల్లుకు కూడా మొలాసిస్ నుంచి ఆల్కహాల్ తీసే ప్లాంటు ఉండేది. పలుకు కట్టని చక్కెరంతా చేరే నల్లటి మడ్డే మొలాసిస్. సీజనంతా ఈస్ట్‌ను రానివ్వని ఆవరణలోనే, ఇంకో షెడ్డులో దానికి ఆహ్వానం ఉండేది.

అయిదు లీటర్ల జాడీకి ఆ బాధ లేదు. యాభై వేల లీటర్ల తొట్టితో పోలిస్తే, లీటరుకు ఇరవై రెట్లు ఎక్కువ గోడ గాలికి తగులుతుంది. పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. చిన్న ఇల్లు, చిన్న జాడీ అన్నది ఈ విషయంలో బలమే. అయితే జాడీ గది వేడికి లొంగి ఉంటుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో, డాబా కిందనున్న పై అంతస్తు ఫ్లాటులో ఈస్ట్ సుఖంగా పని చేయదు. చేసినా ఘాటైన, మందు వాసనలాంటి వాసనలు పుట్టిస్తుంది. కార్తీకం నుంచి మాఘం దాకా ఇక్కడి వాతావరణం దానికి సరిపోతుంది. చెరకు క్రషింగ్ సీజను కూడా ఆ కాలంలోనే.

రెండోది చక్కెర. లీటరులో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే నూటికి ఒక పాలు ఆల్కహాల్ వస్తుంది. తినే ద్రాక్షలో చక్కెర వైన్ ద్రాక్ష కంటే తక్కువ. కాబట్టి చక్కెర కలుపుతారు. 1801లో ఫ్రాన్సులో షాప్తాల్ ఈ కలపడానికి శాస్త్రీయమైన సమర్థన రాశాడు. కానీ మన ఇళ్లలో తిరిగే కొలత చూడండి: కిలో ద్రాక్షకు కిలో చక్కెర, లీటరున్నర నీళ్లు. లెక్క వేస్తే లీటరుకు దాదాపు 400 గ్రాములు. పూర్తిగా పులిస్తే 23 పాళ్ల ఆల్కహాల్ రావాలి. ఈస్ట్ మామూలుగా 12, 15 పాళ్ల దగ్గరే తన ఆల్కహాల్‌కు తానే లొంగిపోతుంది. మిగిలిన చక్కెర అలాగే ఉండి, తియ్యటి పానకం తయారవుతుంది. చాలామందికి ఇంటి వైన్ అంటే ఆ తీపే గుర్తు. ఆ తీపిలోనే ప్రమాదం దాగి ఉంది.

కిలో చక్కెర పూర్తిగా పులిస్తే 290 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అది రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి, కిటికీ ఉన్న వంటింట్లో ఒక జాడీ వల్ల ఊపిరికి ముప్పు లేదు. పెద్ద తొట్లలోకి దిగిన కార్మికులు చనిపోవడానికి కారణం ఈ వాయువే. గాలి కంటే బరువైనది, అడుగున పేరుకుంటుంది, కంటికి కనపడదు. ఇంట్లో అసలు భయం సీసా. బుడగలు ఆగాయని తియ్యటి ద్రవాన్ని గాజు సీసాలోకి వంచి బిర్రుగా మూత పెడితే, చలికి నిద్రపోయిన ఈస్ట్ మార్చి ఎండకు మళ్లీ లేస్తుంది. లీటరులో నాలుగు గ్రాముల చక్కెర, అంటే ఒక చెంచా కూడా నిండనంత, పులిస్తే లోపల ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. షాంపేన్ సీసాలో 24 గ్రాములకు ఆరు వాతావరణాలు. అందుకే దాని గాజు అంత మందం, మూతకు అంత తీగ. లీటరుకు నూరు గ్రాములకు పైగా చక్కెర మిగిలిన ద్రవాన్ని పండ్లరసం సీసాలో బిగిస్తే అది అలమరలో పగిలే వస్తువు. పిల్లలున్న ఇంట్లో దాని అర్థం వేరే చెప్పనక్కర్లేదు.

మూడోది గాలి. మొదటి రోజుల్లో ఈస్ట్ సంఖ్య పెరగడానికి కాస్త ప్రాణవాయువు కావాలి. ఆ తర్వాత గాలి తగిలితే అసిటిక్ బ్యాక్టీరియా ఆల్కహాల్‌ను వెనిగర్ చేస్తుంది. అరటిపండు మీద వాలే చిన్న ఈగలు దాన్ని కాళ్లకు అంటించుకుని తెస్తాయి. జాడీ మూత నుంచి సన్నని గొట్టం తీసి నీళ్ల గిన్నెలో ముంచితే వాయువు బయటికి పోతుంది, ఈగ లోపలికి రాదు. ఈస్ట్‌ను మోసేవాళ్లూ ఉన్నారు. ద్రాక్షతొక్క మీది బూజు లాంటి తెల్లపొర అంతా ఈస్టే అనుకుంటారు కానీ అది చాలావరకు మైనం. వైన్‌ను చివరిదాకా పులియబెట్టే రకం ఈస్ట్ తోటలో చాలా తక్కువ. ఇటలీ శాస్త్రవేత్తలు 2012లో కందిరీగల పేగుల్లో అది చలికాలమంతా బతుకుతోందనీ, తల్లి కందిరీగల నుంచి పిల్లలకు చేరుతోందనీ చూపించారు.

విషం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే భయాలు తప్పు చోట ఉన్నాయి. పండులోని పెక్టిన్ నుంచి మిథనాల్ కొద్దిగా పుడుతుంది. పులియబెట్టిన ద్రాక్షరసంలో అది ప్రాణం తీసేంత ఉండదు. కల్తీ సారా మరణాల వెనుక ఉండేది ఎక్కువగా పరిశ్రమల మిథనాల్, ఎవరో తెచ్చి కలిపింది. మన జిల్లాల్లో కల్లు తాగి మనుషులు మెడలు వాలిపోయి ఆస్పత్రుల పాలైతే, ఆ నేరం ఈత చెట్టుది కాదు, పులియడానిదీ కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం కలిపినవాళ్లది. ఈ మాట గీత కార్మికుల పక్షాన గట్టిగా చెప్పాలి. ఇక నల్లబెల్లం ఊటను కాచి గుడుంబా దించడం వేరే సంగతి. గదిలో మంట పక్కన ఆల్కహాల్ ఆవిరి పోగవడం ఒక్కటే చాలు, ఇల్లు తగలబడటానికి. అపార్ట్‌మెంటులో దాని ఊసే వద్దు.

జాడీ పెట్టకుండానే ఈ పోటీని చూడాలంటే బండి దగ్గర నిమ్మ, అల్లం, ఐసు లేకుండా అరలీటరు చెరకు రసం తెచ్చుకోండి. నాలుగు చిన్న ప్లాస్టిక్ సీసాల్లో నూరేసి మిల్లీలీటర్లు పోయండి. మొదటిదాంట్లో ఏమీ వేయకండి. రెండోదాంట్లో తాంబూలపు సున్నం పావు చెంచా కలపండి. మూడోదాంట్లో ఒక నిమ్మకాయ రసం, చిటికెడు బేకరీ ఈస్ట్ వేయండి. నాలుగోదాంట్లో ఈస్ట్ ఒక్కటే. నాలుగింటి మూతులకూ రబ్బరు బుడగలు తొడగండి. ఈస్ట్ వేసిన రెండు సీసాల బుడగలు కొన్ని గంటల్లోనే లేస్తాయి. సున్నం సీసాలో రంగు మారుతుంది, బుడగ మాత్రం చాలాసేపు వాలే ఉంటుంది. ఏమీ వేయనిది మర్నాటికి నురగతో, జిగటగా, పుల్లగా మారుతుంది. వేటినీ రుచి చూడకండి, మూడో రోజు అన్నీ సింకులో పారబోయండి. పారబోసే ముందు నాలుగో సీసాను మూడోదాని పక్కన పెట్టి రెండూ వాసన చూడండి. పులుపు తోడు లేకుండా దిగిన ఈస్ట్ బ్యాక్టీరియాను ఎంతవరకు ఆపగలిగిందో అందులోని పుల్లమజ్జిగ వాసనను బట్టి తెలుస్తుంది.